వాచీల దుకాణం పెద్దాయన

ధ్యానమునకు: యెహోషువ 24:15, సామెతలు 11:1, రోమా 12:13



భక్తుల జీవిత చరిత్రలు అనగానే మనకు మిషనరీలు, గొప్ప ప్రసంగీకులు గుర్తుకొస్తారు. విలియం కేరీ, హడ్సన్ టేలర్ వంటివారిని గురించి ఆదివారపు బడిలోనే విన్నాం. వినడం మంచిదే. అయితే విన్న తరువాత, "వాళ్లంటే పిలుపు పొందినవాళ్లు అయ్యగారూ. నాకు చిన్న కొట్టుంది, ఎదిగే పిల్లలున్నారు, తీర్చవలసిన బాకీ ఉంది. నావల్ల ఏమవుతుంది?" అనేవారు మన సంఘాల్లో ఎంతోమంది. కిరాణా కొట్టువారు, మిషను కుట్టేవారు, సైకిలు షాపువారు, సంతలో బట్టలమ్మేవారు ఈ మాట అంటుంటారు.

అలాంటివారి కోసం ఈ నెల ఒక దుకాణదారుని జ్ఞాపకం చేసుకుందాం. ఆయన సముద్రాలు దాటి సువార్తకు వెళ్లలేదు. వేదికలెక్కి పేరు తెచ్చుకోలేదు. యాభై ఏళ్లకు పైగా ఒకే వీధిలో కూర్చుని వాచీలు బాగు చేశారు. భార్యను ప్రేమించారు, పిల్లలను పెంచారు. 84 ఏళ్ల వయస్సులో ఖైదీగా ప్రాణం విడిచారు. ఆయన పేరు కాస్పర్ టెన్ బూమ్. హాలెండు దేశంలో హార్లెమ్ అనే పట్టణం ఆయనది.

ఆయన చిన్న కుమార్తె కొర్రీ టెన్ బూమ్ పేరు మనలో కొందరికి తెలుసు. 1971లో వెలువడిన "ది హైడింగ్ ప్లేస్" అనే పుస్తకం ద్వారా ఆమె సాక్ష్యం లోకమంతటా తెలిసింది. ఆమె చెరసాల అనుభవాలు, శత్రువులను క్షమించిన సంగతి మనం ప్రసంగాల్లో వింటుంటాం. కాని ఆ కుమార్తెను అలా పెంచిన తండ్రిని గురించి తక్కువగా వింటాం. చెట్టును చూసి మెచ్చుకునేవాళ్లం వేరును కూడా ఒకసారి చూడాలి గదా.

కింద కొట్టు, పైన కాపురం

కాస్పర్ తండ్రి విలెం 1837లో హార్లెమ్‌లోని బార్టెల్యోరిస్ వీధిలో గడియారాల దుకాణం పెట్టారు. ఆ విలెం 1844లో తన ఇంటిలో ఒక ప్రార్థన కూడిక మొదలుపెట్టారు. యూదుల కోసం, యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించే కూడిక అది. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి. దీని సంగతి మళ్లీ వస్తుంది.

కాస్పర్ 1859లో పుట్టారు. వయస్సు వచ్చాక ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులుండే పేదల పేటలో సొంతంగా దుకాణం నడిపారు. అక్కడి యూదులతో స్నేహం కలిసింది. వారితో కలిసి పాత నిబంధన చదివేవారు, వారి పండుగలకు వెళ్లేవారు. 1884లో కోర్ అనే యువతిని వివాహం చేసుకున్నారు. తండ్రి పోయిన తరువాత హార్లెమ్‌కు తిరిగి వచ్చి పాత దుకాణం బాధ్యత తీసుకున్నారు.

కింద కొట్టు, పైన ఇరుకు గదులు, మధ్యలో మలుపు మెట్లు. మన టౌన్లలో బజారు వీధిలో ఉండే ఇళ్లలాంటిదే. ఆ ఇంట్లో బెట్సీ, విలెం, నోలీ, కొర్రీ అనే నలుగురు పిల్లలు పెరిగారు. ఒక మగబిడ్డ పసితనంలోనే పోయాడు. వీరు గాక భార్య అక్కచెల్లెళ్లు ముగ్గురు కూడా అదే ఇంట్లో ఉండేవారు. ఒక్కరి సంపాదన మీద ఎన్ని నోళ్లో లెక్క వేసుకోండి. "మా ఆవిడ తరఫువాళ్లు" అని విసుక్కున్న దాఖలా లేదు. పిల్లలు పెద్దవాళ్లై, ఆ పెద్దమ్మలూ పిన్నమ్మా ఒక్కొక్కరే కన్నుమూసి, ఇల్లు ఖాళీ అవుతుంటే ఆయన దానిని ఖాళీగా ఉంచలేదు. తల్లిదండ్రులు మిషనరీలుగా దూరదేశాలకు వెళ్లిన పిల్లలను తెచ్చి పెంచుకున్నారు. అప్పటికి ఆయన అరవై దాటినవారు.

భార్య కోర్ పక్షవాతంతో మాటా నడకా తగ్గి, ఆ ఇంట్లోనే చాలాకాలం మంచాన ఉండి 1921లో ప్రభువునందు నిద్రించారు. అన్నాళ్లూ ఆమె పడక ఆ కుటుంబానికి మధ్యనే ఉంది గాని ఒక మూలకు పోలేదు. రోగిని వెనుక వసారాలోకి నెట్టే అలవాటున్న ఇళ్లవారు ఈ మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

ఎనిమిదిన్నరకు తెరిచే గ్రంథం

ప్రతి పనిదినమున ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరేవారు. కుటుంబం మాత్రమే కాదు, కొట్టులో పనిచేసేవారు కూడా. కాస్పర్ బైబిలు తెరిచి ఒక అధ్యాయం చదివి ప్రార్థించేవారు. ఆ తరువాతే దుకాణం పని. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ అలాగే. వ్యాపారం బాగున్న రోజున, బాగాలేని రోజున, ఇంట్లో శవం ఉన్న రోజున కూడా ఆ గ్రంథం తెరవడం మానలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గడియారాలు బాగు చేసేవాడికైనా తన గడియారం సరిగ్గా ఉన్నదో లేదో సొంతంగా తెలియదు. అందుకని కాస్పర్ వారానికొకసారి రైలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, అక్కడి నౌకాదళ పరిశోధనశాల గడియారంతో తన వాచీని సరిచూసుకుని వచ్చేవారు. ఊరంతటికీ సమయం చెప్పే మనిషి తన సమయాన్ని మరొకచోట సరిచేసుకోవాలి. ఇంటి యజమానికి అనుదిన వాక్యధ్యానం అటువంటిదే. పిల్లలను దిద్దే ముందు మనం దిద్దబడాలి.

చేతికొచ్చిన డబ్బు తిరిగి ఇచ్చిన రోజు

కాస్పర్ గొప్ప పనివాడు. వ్యాపారంలో మాత్రం అంత గట్టివారు కారు. చిక్కైన పని చేతికొస్తే సంతోషంతో చేసి, బిల్లు పంపడం మరచిపోయేవారు. తరువాత కొర్రీయే లెక్కల పుస్తకం సరిచేసి, బిల్లులు వరుసలో పెట్టింది. ఆమె కూడా తండ్రి దగ్గరే పని నేర్చుకుని 1920 దశకంలో హాలెండులో లైసెన్సు పొందిన మొదటి మహిళా వాచీ మేకరు అయింది. ఆడపిల్లకు ఈ పనేమిటి అని ఆ తండ్రి అనలేదు.

కొర్రీ చెప్పిన ఒక సంఘటన ప్రతి దుకాణదారుడూ తెలుసుకోదగినది. ఒకరోజు ఇంట్లో డబ్బు బొత్తిగా లేదు. కట్టవలసిన బాకీ గడువు దగ్గరపడింది. ఉదయం అందరూ కలిసి దేవుని అడిగారు. ఆ రోజే ఒక ధనవంతుడు దుకాణానికి వచ్చి ఖరీదైన వాచీ ఒకటి ఎంచుకుని, అక్కడికక్కడే నగదు లెక్కపెట్టి ఇచ్చాడు. కొర్రీకి ఆనందం పట్టలేదు. ప్రార్థనకు జవాబు కళ్లెదుట ఉంది.

ఇంతలో ఆ మనిషి మాటల్లో మాటగా, తన పాత వాచీని ఊళ్లో మరొక కుర్ర పనివాడు బాగు చేయలేకపోయాడని, అందుకే కొత్తది కొంటున్నానని అన్నాడు. కాస్పర్ ఆ పాత వాచీని అడిగి తీసుకుని, మూత తెరిచి చూశారు. దోషం చాలా చిన్నది. సరిచేసి చేతికిచ్చారు. ఆ కుర్రవాడు మంచి పనివాడే, అతని తండ్రి మంచి పేరున్నవాడు, అతని దగ్గరకు వెళ్లడం మానకండి అని చెప్పారు. కొత్త వాచీ తీసుకుని, డబ్బు మొత్తం తిరిగి ఇచ్చి పంపేశారు.

కొర్రీ నిర్ఘాంతపోయింది. తండ్రి కోపపడలేదు. పోటీ దుకాణం కుర్రవాడి పేరు చెడితే వచ్చే డబ్బులో దేవుని ఆశీర్వాదం ఉండదని, సమస్త సృష్టికీ యజమాని అయిన దేవుడు మనలను చూసుకుంటాడని నెమ్మదిగా ఆమెకు బోధించారు. కొన్ని రోజులకు మరొక కొనుగోలుదారుడు వచ్చి ఇంకా ఖరీదైన వాచీ కొన్నాడని ఆమె చెప్పింది. అయితే ఆ రెండవ బేరం రాకపోయినా కాస్పర్ చేసింది సరైనదే. ఇది మరచిపోతే మన భక్తి కూడా ఒక బేరం అయిపోతుంది.

పనివారి విషయంలో కూడా ఆయనది అదే తీరు. ఊరూరా తిరుగుతూ గడియారాలు బాగు చేసుకునే ముసలి పనివాడు ఒకడు చిరిగిన బట్టలతో పని అడగడానికి వస్తే చేర్చుకుని గౌరవంగా చూశారు. తరువాత జర్మనీ నుండి పని నేర్చుకోవడానికి వచ్చిన హిట్లరు అభిమాని ఒకడు ఆ ముసలివాడిని హింసించడం మొదలుపెట్టాడు. కాస్పర్ చాలా నాళ్లు ఓర్చుకుని నచ్చచెప్పారు. మారకపోతే చివరకు పనిలోనుండి తీసివేశారు. మెతకగా కనిపించే ఆ మనిషి, బలహీనుని మీద చెయ్యి పడితే మాత్రం ఊరుకోలేదు.

తండ్రి మోసే బరువు

కొర్రీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తండ్రితో కలిసి రైలులో వెళ్లేది. ఒకసారి ఆ వయస్సుకు తగని ప్రశ్న ఒకటి అడిగింది. కాస్పర్ కసరలేదు, అబద్ధం చెప్పలేదు. బండి దిగేటప్పుడు, వాచీలూ విడిభాగాలూ నిండిన తన పెట్టెను ఎత్తమన్నారు. పాప ఎత్తలేకపోయింది. కొన్ని సంగతులు తెలుసుకోవడం కూడా ఈ పెట్టె వంటిదే, నీవు మోయగలిగే వయస్సు వచ్చేదాకా నీకోసం నేను మోస్తాను అనే అర్థం వచ్చేలా చెప్పారు. ఈనాడు పదేళ్ల పిల్లవాడి చేతిలో కూడా సెల్‌ఫోను ఉంది. వాడు మోయలేని బరువులన్నీ అందులో ఉన్నాయి. ఆ పెట్టెను వాడికోసం కొన్నాళ్లు మోసే తండ్రి ఉన్నాడా?

మరొకసారి పక్కవారింట పసిబిడ్డ చనిపోవడం చూసి వచ్చి, నాన్న కూడా చచ్చిపోతాడేమోనని పాప భయపడి ఏడ్చింది. కాస్పర్ మంచం పక్కన కూర్చుని, మనం రైలు ప్రయాణానికి వెళ్లేటప్పుడు నీ టిక్కెట్టు నీకు ఎప్పుడు ఇస్తాను అని అడిగారు. రైలెక్కే ముందు, అంది పాప. మన పరలోకపు తండ్రి కూడా అవసరమైన బలాన్ని అవసరమైన సమయానికే ఇస్తాడని ఆయన ధైర్యం చెప్పారు.

ఇవి వేదాంత కళాశాలలో నేర్చిన బోధలు కావు. పెట్టె, టిక్కెట్టు, వాచీ. చేతిలో ఉన్న వాటితోనే ఆయన పిల్లలకు దేవుని చూపించారు.

తలుపు తట్టినవారు

1940 మే నెలలో హిట్లరు సైన్యం హాలెండును ఆక్రమించింది. ఐదు రోజుల్లో దేశం లొంగిపోయింది. క్రమేణ యూదుల ఉద్యోగాలు, దుకాణాలు పోయాయి. 1942లో వారందరూ పసుపుపచ్చ నక్షత్రం గుర్తు బట్టల మీద కుట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది. ఆ తరువాత రైళ్లలో ఎక్కించి మరణ శిబిరాలకు తరలించడం మొదలైంది.

తలదాచుకోవడానికి యూదులు ఒక్కొక్కరే రాత్రివేళ ఆ ఇంటి తలుపు తట్టారు. కాస్పర్‌కు ఎనభై దాటాయి. దేవుని ప్రజలకు ఈ ఇంట్లో ఎప్పుడూ చోటుంది అన్నదే ఆయన మాట. వచ్చినవారిని భద్రమైన ఇళ్లకు చేర్చడం, రేషను కార్డులు సంపాదించడం కొర్రీ చూసుకుంది. పై అంతస్తులో ఆమె పడకగది గోడకు ముందు మరొక ఇటుక గోడ కట్టించి, రెండింటి మధ్య రెండున్నర అడుగుల సందు చేయించారు. సోదా జరిగితే దాక్కోవడానికి అదే చోటు. ఆ కుటుంబమూ వారితో పనిచేసినవారూ కలిసి దాదాపు 800 మంది యూదులను కాపాడారని అంచనా.

ఈ కాలంలోనిదే మరొక సంఘటన. వేరే ఊరి పాస్టరుగారొకరు వాచీ బాగు చేయించుకోవడానికి వచ్చారు. ఆయన ఇల్లు ఊరికి దూరంగా, దాచడానికి అనువుగా ఉంటుంది. కొర్రీ ఒక యూదురాలిని, ఆమె పసికందును దాచమని ఆయనను అడిగింది. బిడ్డను తెచ్చి చూపించింది. పాస్టరుగారి మనస్సు కొంచెం కదిలింది గాని భయం గెలిచింది. ప్రాణాలు పోతాయి, వద్దు అన్నారు. అప్పుడు కాస్పర్ ముందుకు వచ్చి ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నారు. ఈ బిడ్డ కోసం మా ప్రాణాలు పోవలసి వస్తే అది మా కుటుంబానికి గొప్ప ఘనత అని చెప్పారు.

ప్రియులారా, నేను కూడా పాస్టరునే గనుక ఈ సంఘటనను తేలికగా దాటిపోలేను. బోధించేవాడు వెనుకకు తగ్గాడు, గడియారాలు బాగు చేసేవాడు ముందుకు వచ్చాడు. మంచి సమరయుని కథలో యాజకుడు దాటిపోయిన త్రోవ ఇదే గదా. పదవిని బట్టి భక్తి రాదు.

ఆఖరి పది రోజులు

1944 ఫిబ్రవరి 28న, ఒక ద్రోహి ఇచ్చిన సమాచారంతో గెస్టపో పోలీసులు ఇంటిమీద పడ్డారు. తండ్రిని, పిల్లలను, ప్రార్థన కూడికకు వచ్చినవారిని కలిపి ముప్పై మందికి పైగా పట్టుకున్నారు. గోడ వెనుక దాగిన ఆరుగురు మాత్రం దొరకలేదు. రెండు రోజుల తరువాత వారు క్షేమంగా బయటపడ్డారు.

ఆ రాత్రి పోలీసు ఠాణాలో అందరూ నేలమీద కూర్చుని ఉండగా, రోజూ ప్రార్థించే వేళ అయింది. వారందరూ ఆ ముసలాయన చుట్టూ చేరారు. బైబిలు చేతిలో లేదు. కాస్పర్ 119వ కీర్తనలోని మాటలను కంఠతా చెప్పారు. యాభై ఏళ్లు ఉదయమూ రాత్రీ చదివిన వాక్యం, గ్రంథం లేని చోట నోట పలికింది.

మరునాడు గెస్టపో కార్యాలయంలో అధికారి ఆయన వయస్సు చూసి, ఇకమీదట ఇబ్బంది కలిగించనని మాట ఇస్తే ఇంటికి వెళ్లి సొంత మంచం మీద చనిపోవచ్చు అన్నాడు. ఇంటికి వెళితే, సహాయం కోరి తలుపు తట్టే ఎవరికైనా మళ్లీ తలుపు తెరుస్తానని కాస్పర్ బదులిచ్చారు. షెవెనింగెన్ చెరసాలలో వేశారు. జబ్బుపడి 1944 మార్చి 9న ఆయన కన్నుమూశారు. అరెస్టు అయి పది రోజులే. తండ్రి విలెం యూదుల కోసం ప్రార్థన కూడిక మొదలుపెట్టి సరిగ్గా నూరేళ్లు.

కొర్రీకి ఆ వార్త ఒంటరి గదిలో ఉండగా ఉత్తరం ద్వారా తెలిసింది. చిన్ననాడు దేనికి భయపడి ఏడ్చిందో అదే జరిగింది. తండ్రి చెప్పినట్లే, టిక్కెట్టు ఆ వేళకు ఆమె చేతికి అందింది.

ఒక కష్టమైన ప్రశ్న

ఇక్కడ కొందరు అడుగుతారు: ఇంటి పెద్ద ఇంటివారిని కాపాడాలి గదా? ఈయన ఇంటికే ముప్పు తెచ్చుకున్నాడే? అడగదగిన ప్రశ్నే. ఆ కుటుంబం చెల్లించిన వెల చిన్నది కాదు. బెట్సీ 1944 డిసెంబరులో రావెన్స్‌బ్రుక్ శిబిరంలో చనిపోయింది. మనుమడు కిక్ శిబిరంలో ప్రాణం కోల్పోయాడు. కుమారుడు విలెం చెరలో తెచ్చుకున్న జబ్బుతో 1946లో పోయాడు. కొర్రీ ఒక్కతే శిబిరం నుండి 1944 డిసెంబరు ఆఖరున బయటపడింది, అదీ ఒక గుమాస్తా పొరపాటు వలన.

తన ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి హెచ్చరిక చేశాడు. కాస్పర్ దానిని మీరలేదు. బ్రదికినన్నాళ్లూ తన ఇంటిని పోషించారు. పసిపిల్లలను బలవంతంగా అపాయంలోకి లాగలేదు. యుద్ధం వచ్చేనాటికి బెట్సీకి యాభై దాటాయి, కొర్రీకి యాభై దగ్గరపడ్డాయి, ఎవరి నిర్ణయం వారు తీసుకోగలవారు. ఆ పని ఇంటివారందరూ కలిసి ఒప్పుకుని చేసింది. తండ్రి ఆజ్ఞాపించి చేయించింది కాదు. చిన్ననాటి నుండి వారు ఆ ఇంట్లో చూసింది వేరే దారి చూపలేదు, అంతే.

కుటుంబాన్ని ప్రేమించడమంటే తలుపు గడియ వేసుకోవడమే అని మనం అనుకుంటాం. కాస్పర్ ఇల్లు అలా నడవలేదు. మరదళ్లకు తెరిచిన తలుపే పరాయి పిల్లలకు తెరిచారు. పరాయి పిల్లలకు తెరిచిన తలుపే యూదులకు తెరిచారు. ఒక్కరోజులో వచ్చిన ధైర్యం కాదది. అరవై ఏళ్ల అలవాటు.

మన ఇళ్లకు

ఆ ఇల్లు 1988 నుండి మ్యూజియంగా ఉంది. గోడ వెనుక సందును లోకమంతటినుండి వచ్చినవారు చూస్తారు. కొర్రీని 1967లో, తండ్రినీ అక్కనూ ఆ తరువాత, యూదులను కాపాడిన నీతిమంతులుగా ఇశ్రాయేలు దేశపు యాద్ వషేమ్ సంస్థ గుర్తించింది. మన ఇళ్లు మ్యూజియంలు కావు. మన ఇంటికి పోలీసులు రాకపోవచ్చు. కాని మన కాటా, మన పద్దు పుస్తకం, మన గుమ్మం మాత్రం రోజూ మనలను పరీక్షిస్తాయి.

యెహోషువ తన ఇంటివారి పక్షంగా చేసిన తీర్మానం మనలో చాలామంది ఇళ్లలో గోడమీద ఉంటుంది. ఆ గోడకు కిందనే ఉన్న కొట్టులో తూకం తగ్గితే, చదువురాని అవ్వ పద్దులో ఒక అంకె పెరిగితే, మన పిల్లలు గోడను నమ్మాలా, కాటాను నమ్మాలా? వాళ్లు కాటానే నమ్ముతారు. పక్క కొట్టువాడిని గురించి చెడ్డమాట చెప్పి మనం గెలిచిన బేరాన్ని కూడా వాళ్లు చూస్తూనే ఉంటారు.

ఈ నెలలో మూడు పనులు చేసి చూడండి. కొట్టు తెరవక ముందు ఇంటివారితోను, పనివారుంటే వారితోను కలిసి ఒక అధ్యాయం చదవండి, పది నిమిషాలు చాలు. పద్దు పుస్తకం ఒకసారి మొదటినుండి చూసి, ఎవరికైనా తిరిగి ఇవ్వవలసింది ఉంటే ఇచ్చివేయండి. మీ వీధిలో ఎవరి ఇంటి తలుపూ తెరుచుకోని మనిషి ఒకరుంటారు. ఒక విధవరాలు కావచ్చు, పనికోసం వలస వచ్చిన కుటుంబం కావచ్చు, ఊరు వెలివేసినవారు కావచ్చు. ఆ ఒక్కరికి మీ తలుపు తెరవండి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా కొట్టును, మా కాటాను, మా లెక్కల పుస్తకాన్ని నీ యెదుట పెడుతున్నాము. వాటిలో వంకర ఉంటే సరిచేయుము. మా పిల్లలు మా మాటలలోకంటే మా పనిలో నిన్ను చూచునట్లు కృప చూపుము. తలుపు తట్టిన చప్పుడు విన్నప్పుడు, గడియ తీసే ధైర్యము ఆ సమయానికే మాకు అనుగ్రహించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.